మూడో గుండీ

"మీ మామయ్యతో చెప్పు, ఉప్పు ఆయన మోచేతి పక్కనే ఉందని," అంది అత్తయ్య.

మామయ్య ఆమెకు జానెడు దూరంలో కూర్చుని ఉన్నారు. ఆ మాట ఆయన చెవిన పడకుండా ఉండటానికి వీల్లేదు. అయినా నా వైపే చూశారు.

"మామయ్యా, ఉప్పు మీ మోచేతి పక్కనే ఉందట."

"మీ అత్తయ్యతో చెప్పు, కూరలో ఉప్పు సరిపోయిందని. నేను వెతుకుతున్నది ఎండునిమ్మకాయ అని."

"అత్తయ్యా..."

"విన్నానమ్మా. చెవుడు నాకింకా రాలేదు. నిమ్మకాయ కూరలోనే ఉందని చెప్పు. గరిటె అడుగుదాకా పోతే దొరుకుతుందని చెప్పు. ఈ ఇంట్లో అడుగున ఉన్నది ఎవరికీ కనపడదని కూడా చెప్పు."

చివరి మాట నేను చేరవెయ్యలేదు.

పదకొండో రోజు. నాకు పెళ్ళయి నలభై మూడు రోజులు. అందులో పదకొండు రోజులు తపాలా ఉద్యోగమే. పొద్దున లేస్తే టీ చల్లారిందన్న కబురు, పడుకోబోతే కిటికీ మూయమన్న కబురు. ఈ ఇద్దరి మధ్య తిరిగి తిరిగి నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినపడుతోంది.

బల్ల కింద మా ఆయన సియామక్ తన పాదంతో నా పాదాన్ని మెల్లగా నొక్కాడు. ముఖం మాత్రం కంచంలోనే పెట్టాడు. అంతే, ఆకుకూరకు ఎక్కడ లేని రుచి వచ్చింది. ఇంత అలసటలోనూ మనిషికి ఇలాంటివి ఎలా తోస్తాయో!

ఈ అలకంతా ఒక కాగితం వల్ల వచ్చింది. మామయ్య నలభై ఏళ్ళుగా కుటుంబ సినిమాల్లో నవ్వించే నటుడు. కిందటి వారం సన్మానం చేస్తే జేబులోంచి కాగితం తీసి నలభై మూడు పేర్లు చదివారు. దర్శకులు, దీపాలవాళ్ళు, టీ కాచే రమజాన్, మీసాలు అతికించే ఆయన. ఒక సినిమాలో ఆయన ఒళ్ళో పడుకున్న పిల్లి పేరు కూడా. చివర కాగితం మడిచి, "ఇక మా పిల్లల తల్లికి కూడా..." అని తల వంచారు. జనం చప్పట్లు కొట్టారు.

మామయ్య తరంలో మర్యాదగల మగవాడు పదిమందిలో భార్య పేరు ఎత్తడు. మా నాన్నా అంతే. తప్పు చేశానని మామయ్యకు ఈరోజుకీ తెలియదు.

అయితే ఆ హాల్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. మా దేశంలో తెరమీద పరాయి ఆడా మగా ఒకరినొకరు తాకకూడదు. మరి జ్వరంతో పడుకున్న మొగుడి నుదుటిమీద తడిగుడ్డ వెయ్యాలంటే? ఇరవై ఆరేళ్ళుగా ఆ చెయ్యి అత్తయ్యదే. భార్య వేషం ఎవరు వేసినా, వాళ్ళ చొక్కా చేతిని తొడుక్కుని, కెమెరా పక్కన మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి చాపేది అత్తయ్య. అయిదుగురు నటీమణులకు ఒకటే చెయ్యి. పెళ్ళి పత్రం నకలు ఎప్పుడూ నిర్మాత ఫైల్లో ఉండేది. పేరు మాత్రం ఏ సినిమా చివరా పడలేదు.

ఆమె పేరు ఎష్రత్. అది నాకు ఎవరూ చెప్పలేదు. వంటింటి అలమారులో రక్తపోటు మాత్రల పెట్టె మీద చదివాను.

* * *

గంట మోగింది. మిఠాయి పెట్టె పట్టుకుని మహ్యార్ వచ్చాడు. ఇప్పుడు మామయ్య చేస్తున్న సినిమాకు దర్శకుడు, ముప్ఫై రెండేళ్ళవాడు. కళ్ళకింద నల్లటి చారలు.

ఆ సినిమాలో మామయ్యది ముసలాయన వేషం, ఆ ముసలాయన భార్య చనిపోయి ఉంటుంది. టీ కాచే సమోవార్‌లో నీళ్ళు మరిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక మూలనుంచి ఆమె చెయ్యి ఒక్కటే బయటికి వస్తుంది. పిండి డబ్బాలోంచి, తెరల మధ్యనుంచి. ముసలాయన టీలో చక్కెర వేస్తుంది. అబద్ధమాడితే చెవి మెలిపెడుతుంది. ఆ చెవి మెలిపెట్టే సన్నివేశంలో అత్తయ్య ఎంత మనసుపెట్టి పనిచేసిందంటే మామయ్య చెవి రెండు రోజులు ఎర్రగానే ఉంది.

మిగిలింది ఒక్క సన్నివేశం. ఆఖరిది. బీరువాలోంచి చెయ్యి వచ్చి, కూతురి పెళ్ళికి బయల్దేరుతున్న ముసలాయన కోటు గుండీలు పెట్టి, ఇక ఎప్పటికీ రాకుండా వెళ్ళిపోవాలి. ఆ చెయ్యే పదకొండు రోజులుగా రానంటోంది. షూటింగ్ జరిగే పాత ఇంటిని ఆదివారం కూలగొట్టేస్తున్నారు. ఈరోజు శుక్రవారం.

"ఖానుమ్, మీ నీడ మామీద ఉండాలి," అన్నాడు మహ్యార్ కూర్చోకుండానే. ఆడవాళ్ళను ఖానుమ్ అనీ, మగవాళ్ళను ఆగా అనీ పిలవడం మా మర్యాద. "మీ చెయ్యి లేకపోతే నా సినిమాకు ప్రాణం లేదు."

"ప్రాణం లేనిదాని చెయ్యే కదా నాయనా నీక్కావలసింది," అంది అత్తయ్య. "కూర్చో. టీ తాగు."

"మీ చేతికి నొప్పి రాకూడదు," అన్నాడు గ్లాసు అందుకుంటూ. మా దగ్గర కృతజ్ఞత చెప్పడానికి అందరూ అనే మాటే.

"ఇరవై ఆరేళ్ళుగా అదే అంటున్నారు. నొప్పీ రాలేదు, పేరూ రాలేదు."

మహ్యార్ గ్లాసు కింద పెట్టేశాడు. మామయ్య టీతో చప్పరించే చక్కెర పలుకు పళ్ళమధ్య పెట్టుకోబోయి ఆగారు.

"తరానె, మీ అత్తయ్యతో చెప్పు. సినిమా చివర పేరు వేయిస్తానని."

"ఏమని వేయిస్తారో అడుగు, తరానె. పిల్లల తల్లి అనా?"

"మామయ్యా, ఏమని..."

"ఎలా వెయ్యమంటే అలా వేస్తాను, ఆగా. మీరు చెప్పండి, రాసుకుంటాను," అంటూ మహ్యార్ ఆశగా ఫోను తీశాడు.

ఒక్క పేరు. నాలుగు అక్షరాలు కూడా లేవు. నలభై మూడు పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివిన మనిషి మీసం తుడుచుకున్నారు, కిటికీలోంచి పెరట్లో ఖర్జూరపండులా ఎర్రబడ్డ ఆకులకేసి చూశారు, గొంతు సవరించుకున్నారు.

"'ఎస్కందర్ గారి శ్రీమతి' అని వేస్తే నిండుగా ఉంటుంది," అన్నారు చివరికి.

అత్తయ్య లేచి కంచాలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సియామక్ కళ్ళు మూసుకున్నాడు. అతను ఆ సినిమాకే శబ్దం రికార్డు చేస్తాడు. చెవులకు పని ఎక్కువైనప్పుడల్లా ఇలాగే కళ్ళు మూసుకుంటాడు.

ఏం చెయ్యాలో తోచక నేను దానిమ్మపండు ఒలవడం మొదలుపెట్టాను. మహ్యార్ నా చేతులకేసి చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

"తరానె ఖానుమ్, మీరు ఎస్కందర్ ఆగాకు కోడలు కదా?"

"కాదు, పక్కింటి అమ్మాయి," అన్నాడు సియామక్. "నలభై మూడు రోజులుగా ఇక్కడే ఉండిపోయింది."

"అది కాదు. కోడలంటే కూతురితో సమానం. మామగారిని తాకితే తప్పులేదు. ఎవరు అడిగినా మీ పెళ్ళి పత్రం చూపిస్తే చాలు. ముడతలు మేకప్‌లో గీయిస్తాం..."

"మహ్యార్, టీ చల్లారుతోంది," అన్నాడు సియామక్. ఈసారి నవ్వలేదు.

నిజం చెప్తాను. నా లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. కాలేజీ రోజుల్లో సినిమా పండుగకి మంచులో నాలుగు గంటలు వరసలో నిలబడ్డదాన్ని. తెరమీద నా చెయ్యి! ఆ ఆనందం ఎంత చప్పుడు చేసిందంటే వంటింట్లో కంచాల చప్పుడు ఆగిపోవడం కాస్త ఆలస్యంగా వినపడింది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతులనుంచి సబ్బునీళ్ళు కారుతున్నాయి.

"బాగానే ఉంది. పడుచు చెయ్యి. వెళ్ళు, అమ్మాయ్."

"వద్దు అత్తయ్యా."

"వెళ్ళమంటున్నాగా."

"సరే అత్తయ్యా," అన్నాను.

అన్న మరుక్షణం గదిలో గాలి మారింది. మామయ్య తల దించుకున్నారు. అంత అవసరంలో ఉన్న మహ్యార్ చెవులు కూడా సిగ్గుతో ఎర్రబడ్డాయి.

మహ్యార్ వెళ్ళాక సియామక్ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు.

"ఒక్కసారేనా వద్దన్నావ్?"

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మూడుసార్లు వద్దనాలి. పుచ్చకాయ ముక్కకు కూడా మూడుసార్లు. ఊయలలో నేర్చుకున్న మర్యాద అది. మూడోసారికి గానీ అవతలివాళ్ళు నిజంగా ఇస్తున్నారో, మాటవరసకు అంటున్నారో తెలియదు. అత్తయ్య ఇరవై ఆరేళ్ళ చేతిని నేను ఒక్క 'వద్దు'కే తీసేసుకున్నాను.

* * *

శనివారం పొద్దున వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తయ్య గిన్నెలో సబ్బునురుగు పెట్టుకుని వేలు తిప్పుతోంది. వేలికి నీలి ఫిరోజా రాయి ఉంగరం. అంతకుముందు సన్నివేశాలన్నిటిలో ఆ చేతికి అదే ఉంది. ఇప్పుడు లేకపోతే కుదరదు. అడగడమెలాగా అని రాత్రంతా మథనపడ్డాను. అడగకుండానే తీస్తోంది.

"అత్తయ్యా, నేను వెళ్ళను. మహ్యార్ గారికి ఫోన్ చేసి చెప్పేస్తాను. నిన్న పొరపాటున..."

"ఇప్పుడు వద్దంటే లెక్కలోకి రాదులే," అంది. కోపంగా కాదు. పొద్దున్నే అలిసిపోయిన గొంతుతో. "ఇల్లు కూలగొడుతున్నారు. ఆ కుర్రాడు అప్పుపడ్డట్టు నిద్రకు బాకీపడి ఉన్నాడు. ఎవరో ఒకరి చెయ్యి వెళ్ళాలిగా. ఇటు పట్టు."

ముప్ఫై అయిదేళ్ళ తర్వాత ఉంగరం ఊడింది. వేలి చుట్టూ తెల్లటి గీత మిగిలింది. నా వేలికి వదులైతే ఆమే దారం చుట్టి బిగించింది.

"విను. గుండీలు పైనుంచి మొదలుపెట్టకు. మూడోది ముందు. పొట్టమీద ఉండేది. అది పెడుతున్నప్పుడు ఊపిరి బిగబడతారు, సన్నగా ఉన్నానని నమ్మించడానికి. పెట్టేశాక చూపుడువేలు మడిచి రెండుసార్లు తట్టు. అప్పుడు వదులుతారు. తట్టకపోతే అలాగే ఉండిపోతారు, పిచ్చిమనిషి."

"ఇది ఏ సినిమాలో అత్తయ్యా?"

"సినిమాలో కాదు. రోజూ గుమ్మం దగ్గర."

పదకొండు రోజులుగా మామయ్య కోటు తెరిచే తిరుగుతున్నారు. దగ్గు పట్టుకుంది. ఆయనకు చలి లెక్కలేదేమో అనుకున్నాను.

* * *

బీరువా వెనకపలక తీసేసి నన్ను లోపల స్టూలుమీద కూర్చోబెట్టారు. కలరా ఉండల వాసన. చేతిమీద గీసిన ముడతలు ఎండి చురచురలాడుతున్నాయి. బొటనవేలి పక్కన అత్తయ్య కాలినమచ్చ కూడా అచ్చు దించారు. నా చెయ్యే, నాకు భయమేసింది.

సియామక్ చిన్న మైకు అమర్చే నెపంతో తల లోపల పెట్టి, "ఈ ముసలి చెయ్యి ముద్దు పెట్టుకోవాలనిపించేలా ఉంది," అని గుసగుసలాడాడు. వెంటనే బయటనుంచి ఎవరో నవ్వారు. మైకు పనిచేస్తోంది మరి.

మొదటిసారి నా వేళ్ళు మామయ్య గడ్డానికి తగిలాయి. రెండోసారి కంగారులో పైగుండీతో మొదలుపెట్టాను. మూడోసారీ అంతే. తలుపు సందులోంచి ఆయన ముఖం కొంచెం కనపడుతోంది. నలభై ఏళ్ళు దేశాన్ని నవ్వించిన ముఖం, చెక్కలా ఉంది.

"ఎస్కందర్ ఆగా, ఆమె వచ్చిందని మీకు తెలియాలి," అన్నాడు మహ్యార్ నీరసంగా. "చెయ్యి తగలగానే తెలియాలి."

"తెలియడం లేదు నాయనా. ఏం చెయ్యను."

నాలుగోసారి అయ్యాక సమోవార్‌లో నీళ్ళు మళ్ళీ నింపారు. నీళ్ళు మరిగాయి. ఆవిరి లేచింది. నేను కళ్ళు మూసుకుని చెయ్యి చాపాను. వేళ్ళతో తడుముకుంటూ కిందికి వెళ్ళాను. మూడో గుండీ.

మామయ్య ఊపిరి బిగబట్టారు.

గుండీ పెట్టాను. చూపుడువేలు మడిచాను. ఒకటి. రెండు.

ఆయన పొట్ట నా వేలికింద మెల్లగా వదులైంది. స్క్రిప్టులో అక్కడ మాటలు లేవు.

"ఎష్రత్," అన్నారు.

మిగతా గుండీలు ఎక్కడున్నాయో మర్చిపోయాను.

"ఎష్రత్, చలిగా ఉంది."

తర్వాత మహ్యార్ కళ్ళు తుడుచుకుంటూ ఆపమన్నాడు. మామయ్య చుట్టూ చూశారు. ఇరవైమంది మగవాళ్ళ ఎదుట భార్య పేరు ఎత్తిన మనిషి, సంతలో తలపాగా జారినవాడిలా అయిపోయారు.

"నోరు జారింది. సియామక్, ఆ పేరు తుడిచెయ్యి. ఇంట్లో అనొద్దు. ఎవరూ అనొద్దు. తరానె, నువ్వూ."

"సరే నాన్నా," అన్నాడు సియామక్. అతని చెయ్యి రికార్డరు మీదే ఉంది. వేలు మాత్రం కదల్లేదు.

* * *

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్తయ్య టీ సిద్ధం చేసి కూర్చుని ఉంది. మాలో ఎవరినీ షూటింగ్ ఎలా జరిగిందని అడగలేదు. నన్నొకటే అడిగింది.

"ఊపిరి బిగబట్టారా?"

"బిగబట్టారు."

"తట్టావా?"

"రెండుసార్లు."

"ఏమన్నారు?"

మామయ్య కోటు విప్పకుండానే కూర్చున్నారు. ఆయన నోరు తెరిచారు. చెప్పేస్తారనే అనుకున్నాను. పెదవులు ఆ పేరు దగ్గరిదాకా వెళ్ళాయి కూడా.

"తరానె, మీ అత్తయ్యతో చెప్పు," అన్నారు. "టీ చిక్కగా బాగుందని."

ఇంకా ఎవరూ టీ తాగలేదు.

అత్తయ్య చెయ్యి చాపింది. నేను పళ్ళతో దారం తెంపి ఉంగరం ఇచ్చాను. వేలికి పెట్టుకోలేదు. ఖాళీ సాసర్‌లో వేసింది. టింగుమని చిన్న చప్పుడు. అంత చిన్న చప్పుడుకి సియామక్ ఉలిక్కిపడి లేచాడు. సంచీలోంచి రికార్డరు తీశాడు. నావైపు చూశాడు.

వాళ్ళ నాన్న మాట అతను కాదనలేడు. అందుకని హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టాడు.

నేను అత్తయ్య వెనక్కి వెళ్ళి, తలగుడ్డ కాస్త సరిచేసి, అవి ఆమె చెవులకు పెట్టాను. సియామక్ మీట నొక్కాడు. మాకేమీ వినపడలేదు. తెల్లగీత ఉన్న వేలు చక్కెరగిన్నె మీద ఆగిపోవడం మాత్రం చూశాను.

"ఇంకోసారి," అంది.

మళ్ళీ నొక్కాడు.

"ఇంకోసారి."

మూడోసారి విన్నాక హెడ్‌ఫోన్లు తనే తీసి, జాగ్రత్తగా బల్లమీద పెట్టింది. మామయ్య నేలకేసి చూస్తున్నారు. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి, ఎవరూ మెలిపెట్టకుండానే.

"ఆ కథలో, బీరువాలోంచి వచ్చే చెయ్యి ఎవరిది, తరానె?"

"ఆయన భార్యది అత్తయ్యా."

"బతికున్న భార్యా?"

నేను బల్లమీది హెడ్‌ఫోన్ల తీగ చుట్టడం మొదలుపెట్టాను.

అత్తయ్య కుర్చీ తిప్పుకుంది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా, ఆయన ముఖంలోకి చూసింది.

"నా పేరు మీ నోట రావాలంటే నేను ముందు చచ్చిపోవాలా, ఎస్కందర్?"

ఆమె నోట ఆయన పేరు వినడం కూడా నాకదే మొదలు. మామయ్య ముఖంలోని ప్రతి ముడతా కదిలింది. అలవాటుకొద్దీ తల నావైపు తిరిగింది.

"తరానె, మీ అత్తయ్యతో..."

"నేను చెప్పను మామయ్యా."

"అది కాదమ్మా, ఒక్క మాట..."

"చెప్పను."

"తరానె జాన్, తల్లీ..."

"వద్దు మామయ్యా. నన్ను అడగొద్దు."

ఈసారి మూడుసార్లూ అన్నాను. సియామక్ చొక్కా పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాను. తలుపు వేస్తూ ఒక్కసారి వెనక్కి చూశాను. సాసర్‌లో ఉంగరం అలాగే ఉంది. మామయ్య లేచి నిలబడ్డారు. కోటు తెరిచే ఉంది. ఊపిరి మాత్రం బిగబట్టి ఉన్నారు.